పదకొండు రోజుల కాపురం

మే 3, 1920, సోమవారం

సమాధుల కమిషన్ వాళ్ళ దగ్గర్నుంచి కవరు వచ్చింది. మిల్లు నుంచి ఇంటికి రాగానే అమ్మ చేతికిస్తూ, "మళ్ళీ సర్కారు వాళ్ళే. ఈసారి ఏం పట్టుకుపోతారో" అంది.

పట్టుకుపోవడానికి కాదు. ఫ్రాన్సులో, యుద్ధంలో పోయిన మా ఆయన విల్ఫ్ సమాధి దగ్గరున్న చెక్క శిలువ తీసేసి రాయి పాతుతారట. దాని మీద చెక్కడానికి వివరాలు కావాలని ఒక ఫారం పంపారు. పేరూ తేదీ వాళ్ళే రాశారు: విల్ఫ్రెడ్ క్లెగ్, ఏప్రిల్ 9, 1917. మిగతావి నేను నింపాలి. వయసు. పుట్టిన ఊరు. తల్లిదండ్రుల పేర్లు. అన్నిటికంటే కింద, కుటుంబం తరఫున ఏదైనా ఒక మాట. అరవై ఆరు అక్షరాలు మించకూడదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా అక్షరం కిందే లెక్క.

భోజనమయ్యాక బల్ల తుడిచి, కలానికి కొత్త పాళీ వేసుకుని కూర్చున్నాను. వయసు దగ్గర ఇరవై రెండు అని రాశాను. పుట్టిన ఊరు సముద్రం అవతల ఇంగ్లండులో, కెంట్ జిల్లా, వింటర్‌కూంబ్. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. చర్చి పక్కన ఇల్లు, వెనక ప్లమ్ పళ్ళ తోట. ఇవన్నీ తెలుసు. పేర్లే తెలియవు.

ఎప్పుడూ అడగలేదు. పెళ్ళయ్యాక మేం కలిసి ఉన్నది పదకొండు రోజులు. చలికాలమంతా వాళ్ళ పటాలం మా బ్రెయిడ్‌వెల్‌లోనే దిగి ఉంది, అలా పరిచయం. పదకొండు రోజుల్లో అత్తగారి పేరు అడగడానికి తీరిక లేకపోయిందా? ఎడతెగకుండా మాట్లాడుకున్నట్టే గుర్తు. ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు.

మే 4

నింపలేదు.

మే 9, ఆదివారం

డంకన్ ఫ్రేలీ భోజనానికి వచ్చాడు. మిల్లులో రంగుల గది మేస్త్రీ. భార్య పోయి ఆరేళ్ళు. ఎడమ కంటికి చూపు తక్కువని సైన్యంలోకి తీసుకోలేదు. ఆ మాట అతను తనంతట తను ఎవరితోనూ అనడు. అందుకు నాకతను ఇష్టం.

అతను పెరట్లో పంపు చూస్తానని వెళ్ళగానే అమ్మ అందుకుంది. "రెండేళ్ళ నుంచీ ఆదివారం ఆదివారం వచ్చి నా బంగాళాదుంపలన్నీ తినిపోతున్నాడు. పెళ్ళికి అవునో కాదో చెప్పి పంపవే. నాకు దుంపలైనా మిగులుతాయి."

పంపు దగ్గరికి వెళ్ళాను. చేతులు తుడుచుకుంటూ, "తొందరేం లేదు ఎల్సీ గారూ. కాకపోతే నాకు ముప్పై ఆరు నిండాయి" అన్నాడు.

ఫారం సంగతి చెప్పాను. అది పంపేశాక జవాబు చెప్తానన్నాను.

"ఎన్ని ప్రశ్నలున్నాయి అందులో?"

"నాలుగు."

"నాలుగేనా!" అని సంతోషంగా వెళ్ళిపోయాడు.

వింటర్‌కూంబ్ చర్చి ఫాదిరీ గారికి ఉత్తరం రాశాను. క్లెగ్‌ల కుటుంబం గురించి, పేర్లు కావాలని.

జూన్ 14, సోమవారం

ఫాదిరీ గారి జవాబు. ముత్యాల్లాంటి అక్షరాలు. చర్చి పుస్తకాలు వందేళ్ళ వెనక్కి తిరగేశాడట. క్లెగ్ అనే ఇంటిపేరు ఆ ఊళ్ళో లేదు. గడియారాల దుకాణం ఎప్పుడూ లేదు. తన ఇంటి వెనక ఉన్నది ఒక్క అక్రోటు చెట్టు, అదీ కాయదట. "మీ భర్త ఊరి పేరు పొరబడి ఉంటారు" అని ముగించాడు.

సొంత ఊరి పేరు ఎవరు పొరబడతారు?

జూన్ 15

అబద్ధం. ప్లమ్ పళ్ళ తోట అబద్ధం. వాళ్ళ నాన్న పొద్దున్నే ఇరవై గడియారాలకి తాళం ఇచ్చేవాడని, అవన్నీ ఒక్కసారి గంట కొడితే చర్చిలో పావురాలు లేచిపోయేవని చెప్పాడు. నేను నవ్వాను. ఆ పావురాలని మూడేళ్ళుగా దాచుకున్నాను. మిల్లులో బట్టలో ముడులు వెతికి విప్పే పని నాది. గజం దూరం నుంచి చూసి ఇక్కడో ముడి ఉంది అని చెప్పగలను. ఇది కనిపించలేదు.

మా రాజధాని ఒట్టావాలో సైన్యం కాగితాలు ఉంచే ఆఫీసుకి రాశాను. ఎవర్ని పెళ్ళి చేసుకున్నానో తెలియాలి కదా.

జూన్ 27, ఆదివారం

డంకన్ వచ్చాడు. "ఎన్నో ప్రశ్నలో ఉన్నారు?" అన్నాడు. ఉన్నది కూడా కొట్టేశాను అన్నాను.

జూలై 8, గురువారం

ఒట్టావా నుంచి వచ్చింది. సైన్యంలో చేరిన రోజు కాగితానికి నకలు. పుట్టిన ఊరు: ఇంగ్లండు. అంతే. వృత్తి: పొలం కూలీ. చివరి యజమాని: ఏమస్ హార్కస్, నాలుగో లైను రోడ్డు, గ్లెన్ ఆర్డిన్ పోస్టు. ఇక్కడికి నలభై మైళ్ళు.

దగ్గరి బంధువు అన్నచోట నా పేరు ఉంది. నా పేరు పైన ఇంకో పేరు రాసి కొట్టేసి ఉంది. కొట్టేసినా చదవడానికి వస్తోంది. ఐడా క్లెగ్. చెల్లెలు.

చెల్లెలు.

జూలై 13, మంగళవారం

మిల్లులో నీటి చక్రం బాగుచేస్తున్నారని మూడు రోజులు సెలవు. పొద్దుటి రైలు ఎక్కి గ్లెన్ ఆర్డిన్‌లో దిగి, మూడు మైళ్ళు నడిచాను.

హార్కస్ గారి భార్య బంగాళాదుంప మడిలో వంగుని ఆకుల మీది పురుగులు ఏరి కిరోసిన్ డబ్బాలో వేస్తోంది. తల ఎత్తకుండానే, "ఏం కావాలి?" అంది.

"విల్ఫ్ క్లెగ్ ఇక్కడ పని చేసేవాడాండీ?"

"మా విల్ఫా?" అంటూ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "నువ్వెవరమ్మాయ్?"

"ఆయన భార్యని."

"వాడికి పెళ్ళి కూడానా! ఆ పసివాడికి!" కాసేపు నన్నే చూసింది. "పోయాడని పేపర్లో చూశాం. నువ్వున్నావని తెలియదు. ఉండు, ఈ వరస అయిపోతే ఇంట్లోకి వెళ్దాం. పురుగు ఆగదు."

నేనూ వంగి ఏరడం మొదలుపెట్టాను. వరస చివరికొచ్చేసరికి అంతా చెప్పింది. ఎదురుగా కూర్చుని అయితే చెప్పేది కాదేమో.

"ఇంగ్లండులో ఆశ్రమాలవాళ్ళు పిల్లల్ని ఓడల్లో తెచ్చి పొలాల్లో పనికి పెట్టేవాళ్ళు చూడు, అలా వచ్చాడు. మేం రాసింది పధ్నాలుగేళ్ళవాడు కావాలని. నాగలి పట్టేవాడిని పంపమంటే నాగలి ఎత్తు కూడా లేనివాడిని దింపారు. తొమ్మిదేళ్ళు."

"ఏ సంవత్సరం అండీ?"

"తొమ్మిది వందల ఏడు. ఆ ఏడే మా ఎర్ర కొట్టం కాలిపోయింది, అందుకని గుర్తు."

స్టేషన్లో పిల్లల్ని వరసగా నిలబెట్టారట. హార్కస్ విల్ఫ్‌ని ఎంచుకున్నాడు. పక్కనే ఆరేళ్ళ చెల్లెలు. దానిని ఇంకెవరో ఎంచుకున్నారు. "వీడు దాని చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా ఆయన ఇటు లాగాడు, వాళ్ళటు లాగారు. వీడు మా బండెక్కేసరికి చేతి గుడ్డ ఊడి వీడి గుప్పెట్లోనే ఉంది. మర్నాడు పొద్దున చూసినా గుప్పెట్లోనే ఉంది."

"భోజనం?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"బాగానే పెట్టేవాళ్ళం. మాతో బల్ల దగ్గర కాదులే. వెనక వంటింట్లో. అప్పుడు అందరూ అలాగే పెట్టేవాళ్ళమ్మా." ఇంకో రెండు మొక్కలు దాటాక మళ్ళీ, "అందరూ అలాగే" అంది.

విల్ఫ్ మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మూడుసార్లు కూర్చోమంటే గాని కూర్చోలేదు. అమ్మ ఎంత మురిసిపోయిందో. పెద్దింటి మర్యాద అంది.

హార్కస్ కొట్టం నుంచి వచ్చాడు. నేనెవరో చెప్పగానే టోపీ తీశాడు. "గుర్రాలకి వాడంటే ప్రాణం" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారాలు విల్ఫ్ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని ఉత్తరాలు రాసేవాడట, రైలు దారిలో ఉన్న ఊరూరి పోస్టుమాస్టరుకీ. ఐడా క్లెగ్ అనే పిల్ల మీ ఊళ్ళో ఉందా అని. ఏళ్ళు పట్టింది. పదిహేడో ఏట అదే రైలు దారిలో ఉన్న పెర్త్ అనే ఊరి నుంచి జవాబు వచ్చింది. ఒక పళ్ళ డాక్టరు గారింట్లో పనిమనిషి. రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు. రెండోసారి తిరిగొచ్చి సైన్యంలో చేరుతున్నానన్నాడు. యుద్ధం నుంచి వచ్చాక సొంతిల్లు చూసుకుని చెల్లెల్ని తెచ్చుకుంటానన్నాడు.

"వయసు చాలదు కదరా అంటే, వాళ్ళు గుర్రంలా పళ్ళు చూసి కొనడం లేదమ్మగారూ, నోటి మాటే నమ్ముతారు అన్నాడు" అంటూ నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. వేళ్ళకి కిరోసిన్ ఉంది.

రైల్లో వేళ్ళ మీద లెక్కేశాను. తొమ్మిదికి పది కలిపితే పంతొమ్మిది. మళ్ళీ వేశాను. పెళ్ళినాడు నాకు ఇరవై. తనకి ఇరవై ఒకటన్నాడు. పదిహేడు.

జూలై 14

చెల్లెలి సంగతి నాకెందుకు చెప్పలేదు? ఆశ్రమం నుంచి వచ్చానని చెప్తే నేనేమన్నా అనేదాన్నా? 

విల్ఫ్ మొదటిసారి భోజనానికి వచ్చిన రోజు ఒకటి గుర్తొస్తోంది. పక్క వీధిలో దొంగతనం గురించి మాట్లాడుకుంటున్నాం. అమ్మ అంది, ఆశ్రమం పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటే అంతే, చెంచాలు లెక్కపెట్టుకుని పడుకోవాలని. అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. ఆ వెంటనే అమ్మ, మీదే ఊరు బాబూ అని అడిగింది. కెంట్ అన్నాడు.

అమ్మ నోటికి హద్దు లేదు.

జూలై 17, శనివారం

పెర్త్ వెళ్ళాను. పళ్ళ డాక్టరు గారిల్లు ఎవర్నడిగినా చెప్పారు. పెరట్లో తీగ మీద తివాచీ ఆరేసి ఒకమ్మాయి కర్రతో దుమ్ము దులుపుతోంది. ఇటు తిరిగింది. అదే కనుబొమ్మ. ఎడమది, కొంచెం పైకి.

"అమ్మగారు లేరండీ. నాలుగింటికొస్తారు."

"నీకోసమే వచ్చాను. నేను విల్ఫ్ భార్యని."

కర్ర జారవిడిచింది. నా భుజం మీదుగా గేటు వైపు చూసింది. "అన్నయ్యేడీ? బయట నిలబడ్డాడా?"

"ఫ్రాన్సులో ఉన్నాడు."

"ఇంకా పంపలేదా? అందరూ వచ్చేశారుగా!"

"కొంతమందిని అక్కడే ఉంచేశారు."

"మరి రాయడేం? నాలుగేళ్ళవుతోంది. పెళ్ళి చేసుకుంటున్నానని రాశాడు, ఓడ ఎక్కుతున్నానని రాశాడు, ఫ్రాన్సు నుంచి రెండు వచ్చాయి. ఆ తర్వాత లేవు."

"రాసే వీలు లేదు."

నా చెయ్యి పట్టుకుని వంటింటి మెట్ల మీద కూర్చోబెట్టింది. పెర్త్ వచ్చిన రోజు ఊడిన చేతి చొక్కాతో దిగిందట, దారిలోనే చింపుకొచ్చావని ఆ ఇంటావిడ తిట్టిందట. "అన్నయ్యొచ్చాక కొత్త చొక్కా బాకీ ఉన్నావని అడగాలి" అంది. బెల్లం రొట్టె పెట్టింది. తిన్నాను.

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. రైల్లో ప్రతి మాటా వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఒక్కటీ అబద్ధం కాదు.

జూలై 18

మళ్ళీ శనివారం వెళ్ళి చెప్పేస్తాను.

జూలై 24, శనివారం

అమ్మకి దగ్గు. వెళ్ళడం కుదరలేదు.

జూలై 31, శనివారం

అమ్మకి తగ్గింది. వాన వచ్చేలా ఉంది.

ఆగస్టు 2, సోమవారం

ఐడా ఉత్తరం. కవరు మీద నా పేరుంది, లోపల ఇంకో కాగితం, విల్ఫ్‌కి పంపమని. అంటించలేదు. చదివాను.

"అన్నయ్యా, మీ ఆవిడ వచ్చి వెళ్ళింది. మంచిది. కాని నవ్వదు. నువ్వే నవ్వించాలి. నాకిప్పుడు రొట్టె చెయ్యడం, చొక్కాలకి గంజి పెట్టడం వచ్చు. ఇల్లు చిన్నదైనా పరవాలేదు. నేను వంటింట్లో పడుకుంటాను. మీ ఇద్దరి మధ్యకీ రాను. నిన్నెందుకు ఉంచేశారు? ఏమైనా తప్పు చేశావా? చేసినా పరవాలేదు. ఐడా."

ఆగస్టు 5

జూలై 14న రాసింది తప్పు. అమ్మ కాదు.

చెంచాల మాట అన్నది నేను. అమ్మ నవ్వింది అంతే. అతను కొత్తగా వచ్చాడు కదా, నేను ఎంత చలాకీగా మాట్లాడగలనో వినాలని అన్నాను. తన వైపు చూస్తూనే అన్నాను. అతను పళ్ళెంలోకి చూసుకుని నవ్వాడు. తర్వాత గడియారాలు, పావురాలు, తోట అన్నీ చెప్పాడు. అప్పటికప్పుడు, ఆ బల్ల దగ్గర కూర్చుని, నాకోసం అల్లాడు.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అమ్మ మీదికి తోశాను.

ఆగస్టు 7, శనివారం

ఐడా ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి, "జవాబొచ్చిందా?" అంది.

నిలబడే చెప్పాను. "ఐడా, విల్ఫ్ లేడు. ఫ్రాన్సులో యుద్ధంలో పోయాడు."

పెట్టె కదపలేదు. చొక్కా కమురు వాసన వచ్చింది. నేనే పెట్టె తీసి పక్కన పెట్టాను.

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది. ఏప్రిల్లో."

"మూడేళ్ళు!" అంది. "మూడేళ్ళ నుంచి నేను..." అని ఆగిపోయింది. "మరి ఆ రోజు ఫ్రాన్సులో ఉన్నాడన్నారు."

"అక్కడే ఉన్నాడు అన్నాను. నాకు నోరు రాలేదు."

"నాకెవరూ చెప్పలేదేం?"

"కబురు భార్యకే పంపారు. నువ్వున్నావని నాకు తెలియదమ్మా. పోయిన నెలలోనే తెలిసింది."

అప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కళ్ళలోకి చూసి అడిగింది. "నాకు మీ సంగతి రాశాడు. నా సంగతి మీకు చెప్పలేదా? అన్నయ్యకి నేనంటే సిగ్గా?"

ఏమో తెలియదని అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఈ పిల్ల బతికినంత కాలం అన్న తనని చూసి సిగ్గుపడ్డాడనే అనుకుంటుంది.

"నీవల్ల కాదు. నావల్ల" అన్నాను. ఆ రోజు బల్ల దగ్గర నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. చెంచాల మాట. అతను నవ్వడం కూడా చెప్పాను.

ఐడా కమిలిన చొక్కా మడత పెట్టింది. "ఈ ఇంట్లో కూడా లెక్కపెడతారు" అంది. "సోమవారం సోమవారం." ఇంకో చొక్కా తీసి పరిచి నీళ్ళు చిలకరించింది. "మీరు వెళ్ళండి. నాకు ఇంకా ఎనిమిదున్నాయి."

వచ్చేశాను.

ఆగస్టు 15, ఆదివారం

ఫారం ఐడాకి పంపేశాను, నేను రాసిన ఇరవై రెండు కొట్టేసి. "ఇది నింపాల్సిన మనిషివి నువ్వు" అని మాత్రం రాశాను. క్షమించమని రాసి, చింపి, మళ్ళీ రాసి, చింపాను. అడిగితే ఇవ్వాల్సి వస్తుంది కదా ఆ పిల్లకి.

ఆగస్టు 29

ఏమీ రాలేదు.

సెప్టెంబరు 5

ఏమీ రాలేదు. డంకన్ ఇప్పుడు ప్రశ్నలు అడగడం మానేశాడు. పంపు బాగుచేస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో బాగైపోయింది.

సెప్టెంబరు 9, గురువారం

ఫారం తిరిగొచ్చింది. అన్నీ నింపి ఉన్నాయి.

పుట్టింది మార్చి 3, 1898, సాల్ఫర్డ్. వయసు పంతొమ్మిది. తండ్రి జోనస్, బొగ్గు ఓడ మీద పనివాడు, ఆ ఓడతోనే పోయాడు. తల్లి రోడా.

వెంట చిన్న ఉత్తరం. "అమ్మ పోలేదు. అన్నయ్య మీకు పోయిందని చెప్పి ఉంటాడు. ఒక్క చలికాలం మమ్మల్ని ఉంచమని ఆశ్రమంలో ఇచ్చింది, ఎండలు రాగానే తీసుకెళ్తానంది. ఎండలొచ్చేసరికి మేం ఓడలో ఉన్నాం. ఇప్పుడు ఉందో లేదో తెలియదు. అడుగున రాయాల్సిన మాట నేను రాశాను. మూడుసార్లు లెక్కపెట్టాను, అక్షరాలు మించలేదు. మీ పేరు కూడా పెట్టాను. పెట్టొద్దనుకున్నాను. తర్వాత పెట్టాను."

అడుగున ఇలా ఉంది: రోడా కొడుకు, ఐడా అన్న, ఎల్సీ భర్త.

సెప్టెంబరు 12, ఆదివారం

నిన్న ఫారం పోస్టు చేశాను. ఇవాళ డంకన్‌కి జవాబు చెప్పాలి.

పెరట్లో, ఆ పంపు దగ్గరే చెప్పాను. "ఏడాది క్రితం అడిగి ఉంటే అవుననేదాన్నేమో. అప్పటికి నాకు భర్త అంటే పదకొండు రోజులు, ఒక ప్లమ్ పళ్ళ తోట. ఈ ఎండాకాలమే అతనెవరో తెలుసుకోవడం మొదలైంది. ఇప్పుడు ఇంకో ఇంటికి వెళ్ళలేను డంకన్ గారూ."

టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "బతికున్నవాడితో అయితే పోట్లాడేవాణ్ణి. ఒంటి కన్నుతో అయినా" అన్నాడు. అతను ఆ కంటి మాట ఎత్తడం అదే మొదటిసారి. "మీ అమ్మగారికి నేనే చెప్తాను, మీకు చీవాట్లు తప్పుతాయి" అని లోపలికి వెళ్ళాడు.

అమ్మ అతని పళ్ళెంలో ఇంకో రెండు బంగాళాదుంపలు వేసింది. నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

అక్టోబరు 18, సోమవారం

కృతజ్ఞతల పండుగ సెలవు. ఐడాని రమ్మని రాశాను, వస్తుందనుకోలేదు. పదకొండింటి రైలుకి దిగింది. చేతిలో రుమాలు మూట. బెల్లం రొట్టె.

అమ్మకి అన్నీ ముందే చెప్పి ఉంచాను. గుమ్మంలో ఐడాని ఎగాదిగా చూసి, "ఆ కనుబొమ్మ చూడు, అచ్చు దింపేశావే" అంది. "రా తల్లీ, నిలబడితే గుమ్మడికాయ తీపి రొట్టె చల్లారుతుంది." భోజనం మధ్యలో ఉన్నట్టుండి చెంచా కింద పెట్టింది. "ఆ రోజు నేనూ నవ్వాను. తప్పు దీనొక్కదానిదే అనుకోకు" అంది. ఐడా ఇంకో ముక్క పెట్టమంది.

మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని సాల్ఫర్డ్‌కి ఉత్తరం రాశాం. ఐడాకి వీధి పేరు గుర్తుంది. గ్యాసు కంపెనీ గోడ వెనక, మూడో ఇల్లు. వాళ్ళమ్మ బట్టలుతికేది, చేతులకి ఎప్పుడూ నీలిమందు వాసన. అంతే గుర్తు. పదమూడేళ్ళు. ఉంటుందా ఆ ఇంట్లో? "రోడా క్లెగ్, లేకపోతే ఆమె ఎరిగినవారెవరైనా" అని కవరు మీద రాశాం. ఏం జరిగిందో లోపల ఐడా రాసింది. విల్ఫ్ పోయాడన్న వాక్యం దగ్గర కలం నాకిచ్చింది. అది నేను రాశాను.

సాగనంపడానికి స్టేషన్‌కి వెళ్ళాను. దారిలో అడుగడుక్కీ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. చిన్నప్పుడు దేనికి భయపడేవాడు? బాతులకి. పాడేవాడా? పాడేవాడు, శ్రుతి ఉండదు. నా దగ్గర పాడలేదు. ఓడలో ఏం చేశాడు? నాకు వాంతులవుతుంటే టోపీ పట్టాడు. తనదే. నేను పెళ్ళాడిన మనిషి గురించి నాకు తెలియనివి ఈ పిల్ల దగ్గర ఇంకా ఎన్నున్నాయి? అన్నీ ఒక్కసారే అడిగేస్తే అయిపోతాయేమోనని సగం దారిలో నోరు మూసుకున్నాను.

నవంబరు 21

సాల్ఫర్డ్ నుంచి ఏమీ లేదు.

డిసెంబరు 5, ఆదివారం

జవాబు గురువారం వచ్చింది. ఐడా వచ్చేదాకా విప్పలేదు. మూడు రోజులు పిండి డబ్బా మీద పెట్టి ఉంచాను. నిన్న సాయంత్రం ఐడా వచ్చింది, అయినా విప్పలేదు. ఇవాళ చర్చి నుంచి రాగానే విప్పింది.

రాసింది రోడా కాదు, పక్కింటావిడ. "రోడా ఆ ఇంట్లోనే ఉందండీ. ఇల్లు మారమని మేమంతా ఎంత చెప్పినా మారలేదు. పిల్లలు వెతుక్కుంటూ వస్తే దొరకాలంది. చూపు బాగా తగ్గింది. మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకుంది. చాలా ఏళ్ళు ఆశ్రమానికి వెళ్ళి అడిగేది, బాగున్నారు అని మాత్రం చెప్పేవారట. ఐడాకని కాగితం మీద ముద్దు పెట్టింది, కింద ఆ మరక అదే. అబ్బాయి గురించి ఇప్పటిదాకా ఒక్కటే అడిగింది. ఎంత ఎత్తు పెరిగాడని."

ఐడా కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఆ మరక మీద వేలుంచి కూర్చుంది.

"ఎత్తు సైన్యం కాగితంలో ఉంది" అన్నాను. "అయిదడుగుల అయిదున్నర అంగుళాలు."

"అది చేరిన రోజు కొలత. నేను చూసినప్పుడే అంత ఉన్నాడు" అంది ఐడా. లేచి గుమ్మం దగ్గర నిలబడి తల మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడికి."

నేనూ లేచాను. నాతో ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువే ఉన్నాడు. పదకొండు రోజుల్లో ఒకటి మాత్రం ఒళ్ళు మర్చిపోలేదు. నా నుదురు సరిగ్గా అతని గడ్డం కిందికి వచ్చేది. కళ్ళు మూసుకుని నిలబడి, గడ్డం ఎక్కడుండేదో చెయ్యి పెట్టి చూపించాను. ఐడా ఆ చెయ్యిని అలాగే పట్టుకుంది. అమ్మ కొలత టేపు తెచ్చింది. గడ్డం నుంచి నడినెత్తికి ఎంత కలపాలని ఇద్దరూ వాదించుకున్నారు. నేను కళ్ళు తెరవలేదు.

"ఉత్తరాలేమన్నా ఉన్నాయా?" అంది ఐడా.

ఉన్నాయి. కబురొచ్చిన రోజు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తీశాను. పద్నాలుగు. ఐడా ఒక్కొక్కటే పైకి చదువుతుంటే గొంతు వినిపించినట్టయింది, కొంచెం. ఫిబ్రవరి 1917 నాటి దాంట్లో ఇలా ఉంది: "ప్యాంట్లు మళ్ళీ కురచైపోయాయి. చీలమండలు బయటే ఉంటున్నాయి. మూడో జత ఇమ్మని అడిగితే సార్జెంటు, కొత్త ప్యాంటు ఇచ్చేకంటే నీ కాళ్ళు కత్తిరించడం తేలికరా అన్నాడు."

ఆ రోజు ఇది చదివి అమ్మా నేనూ ఎంత నవ్వామో. బురద నీళ్ళలో ఊలు బట్ట కుంచించుకుపోయిందనుకున్నాం. ఇద్దరం మిల్లు మనుషులం కదా, ఊలు సంగతి మాకు తెలియదా? నాసిరకం ఊలు వాడి ఉంటారంది అమ్మ.

ఐడా ఉత్తరం దించింది.

"బట్ట కుంచించుకుపోలేదు వదినా" అంది. "అన్నయ్య పెరిగాడు."

అమ్మ టేపు చుట్టేసింది.

ఐడా సిరా దగ్గరికి లాక్కుని, అమ్మా, అని మొదలుపెట్టింది. అడుగులూ అంగుళాలూ రాయలేదు. ఇంకా పెరుగుతూనే ఉన్నాడని రాసింది.